సీనియర్ పీత

ఆ వారం మా ఊళ్లో రెండు విశేషాలు జరిగాయి. మా ఆవిడ మాణిక్యానికి కామెర్ల జబ్బు నయమైంది. మా పురపాలక సంఘానికి కొత్త జబ్బు పట్టుకుంది.

ముందు మాణిక్యం సంగతి చెబుతాను. కామెర్లంటే తెలిసిందే కదా, నూనె చుక్క తగలకూడదు, కారం కంటబడకూడదు, నీచు మాటే ఎత్తకూడదు. వేసవంతా ఆ మహాతల్లి ఉడకబెట్టిన బీరకాయతో కాపురం చేసింది. పక్కింట్లో చేపల పులుసు మరుగుతుంటే కిటికీ మూసెయ్యమనేది. కాస్సేపాగి, ఉక్కపోస్తోంది తెరవండి అనేది. చివరికి డాక్టరుగారు ఆవిడ కళ్లు విప్పదీసి చూసి, "ఇంక పథ్యం విడిచిపెట్టొచ్చమ్మా. ఏం తినాలనుంది?" అనడిగారు.

"గుడ్డు పీతల పులుసండి" అంది మాణిక్యం. ఆ జవాబు నెలరోజుల నుంచీ నాలుక చివర పెట్టుకుని ఉన్నట్టుంది.

డాక్టరుగారు నవ్వి, నా వైపు తిరిగారు. "పెట్టండి. కానీ బతికున్న పీతే తేవాలి. చచ్చి ఊరుకున్న పీత మనలాంటి వాళ్లకే పడదు. ఈవిడకి పెట్టారో, వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు.

"రేపే తెస్తానండి" అన్నాను రొమ్ము విరుచుకుని. నాకు అంత ధీమా ఎందుకో చెప్పాలి. మాది ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. ఇక్కడ పీత ఎంచడం రానివాణ్ణి సంతకం రానివాడికన్నా తక్కువగా చూస్తారు. పీతని పైకెత్తి బరువు చూడాలి. పొట్ట మీద బొటనవేలితో నొక్కితే లొత్తపోకూడదు. పొట్టకింద మూత వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, గుడ్డు ఉంటే ఆ మూత అంచున ఎర్రగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని కంటి దగ్గర వేలు ఆడిస్తే అది మన మీదికి రావాలి. కోపం లేని పీతని కొనకూడదురా అనేవాడు మా నాన్న.

మర్నాడు సంచీ పుచ్చుకుని కాలవ లాకుల దగ్గరికి వెళ్లాను. గట్టు మీద ఉండాల్సిన చేపల గంపలు లేవు. వాటి స్థానంలో అద్దాల మేడ ఒకటి వెలిసింది. దానిమీద 'ఆదర్శ జలపుష్ప విక్రయ కేంద్రం' అని బోర్డు. ఇకమీదట ఊళ్లో చేపా, రొయ్యా, పీతా, గుల్లా ఏది అమ్మినా ఇక్కడే అమ్మాలట. గట్టుమీద గంప దించితే గంప లాక్కుంటారట.

లోపల ఏసీ చలికి నా పళ్లు టకటకలాడాయి. అద్దం వెనక రెండు పెద్ద తొట్లు. ఒకదాని మీద 'వరిష్ఠ', రెండోదాని మీద 'కనిష్ఠ' అని రాసుంది. వరిష్ఠ తొట్లో పీతలు వెల్లకిలా పడి ఆకాశంకేసి చూస్తున్నాయి. కనిష్ఠ తొట్లో పీతలు, పట్టి నొక్కే డెక్కలు తాడుతో కట్టేసి ఉన్నా సరే, ఒకదాన్నొకటి తోసుకుంటూ బుడగలు కక్కుతున్నాయి. అందులో ఒక మూల నల్లగా నిగనిగలాడుతూ, మూత అంచున ఎర్రగా గుడ్డు కనిపిస్తూ ఒక మండపీత ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

కౌంటరు వెనక నూకరత్నం నిలబడి ఉంది. మొన్నమొన్నటిదాకా గట్టుమీద గంప పెట్టుకుని, బేరం ఆడిన వాడి ఏడుతరాలనీ కడిగేసిన మనిషి. ఇవాళ నెత్తిన ప్లాస్టిక్ టోపీ, చేతులకి తొడుగులు.

"ఇదేం వేషమే నూకరత్నం?"

"గవర్నమెంటు వేసమండి బాబుగారూ. ఉజ్జోగం ఇచ్చారు."

"సంతోషం. ఆ మూలనున్న గుడ్డుపీత తియ్యి."

"అదా? దాని జోలికెల్లకండి, జూనియరండి అది" అంది నూకరత్నం. "ముందు ఈ తొట్లోయి అవ్వాలండి. ఇయ్యి మొన్నొచ్చినయ్యి, సీనియర్లు."

"ఇవి చచ్చిపోయాయి కదే!"

"నాకేటి తెలుద్దండి, నేను డాట్రుగారినా? అమ్మినా జీతమే, అమ్మకపోయినా జీతమే. పొద్దున్నించీ నా నోరు ఇంత కాళీగా పుట్టి బుద్దెరిగాక లేదు" అని హాయిగా ఆవులించింది.

అప్పుడు గాజుతలుపు తోసుకుని పర్యవేక్షణాధికారి త్రిపురాంతకంగారు వచ్చారు. అంతకుముందు ఆయన బియ్యం గిడ్డంగిలో పనిచేశారు. అక్కడ ముందొచ్చిన బస్తా ముందు వెళ్లాలన్న నియమాన్ని ప్రాణంగా అమలుచేసి, ఒక్క బస్తా కూడా పురుగు పట్టకుండా కాపాడినందుకు శాలువా కప్పించుకున్నారు. ఆ శాలువాతో పాటు నియమాన్ని కూడా ఇక్కడికి తెచ్చుకున్నారు.

"ముందు చేరినది ముందు వెడలవలెను. ఇది సహజన్యాయము" అన్నారాయన. "నిన్నగాక మొన్న చేరిన పీత, తనకంటే ముందు చేరిన పీతను దాటుకొని వినియోగదారుని సంచిలోనికి పోవుట అక్రమము. అసలు పాతవస్తువు విలువ మీకు తెలియనిదా? పాత బియ్యమునకు ఉన్న గిరాకీ కొత్త బియ్యమునకు కలదా? పాత చింతపండు, పాత ఆవకాయ, పాత నెయ్యి. ఆయుర్వేదము సైతము ఒప్పుకొనినది."

"అయ్యా, పీత ఆవకాయ కాదండి. తమరెప్పుడైనా పీత తిన్నారా?"

"నేను శాకాహారిని. అందుచేతనే నన్ను ఈ పదవికి ఎంపిక చేసిరి. రుచి ఎరిగినవానికి పక్షపాతము తప్పదు."

వెల్లకిలా పడ్డ పీతలకేసి చూపించి, "కదలడం లేదండి" అన్నాను దీనంగా.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అదియే వరిష్ఠుల లక్షణము" అని, తొట్లో చెయ్యిపెట్టి చూపుడువేలితో ఒక్కొక్క పీతనీ తట్టుతూ లెక్క పెట్టారు. రోజూ ఉదయం ఆయన అలా హాజరు తీసుకుంటారట. "చూచితిరా, ఎంతటి క్రమశిక్షణ! నేను తాకినను ఒక్కటియు ఎదురాడలేదు."

పక్క పళ్లెంలో గుల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. బతికున్న గుల్లని తడితే టక్కున నోరు మూసుకోవాలి. వీటిని సుత్తితో కొట్టినా మూసేట్టు లేవు. వాటి దగ్గర చీటీ మీద 'వినియోగదారుల సౌకర్యార్థము ముందుగానే తెరువబడినవి' అని అందంగా రాసుంది. నేను ముక్కు మూసుకుని బయటపడ్డాను.

ఇంట్లో మాణిక్యం చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరిగి, గుమ్మంలో కూర్చుని ఉంది. నా సంచీ కేసి చూసింది. అది గాలికి ఊగుతోంది.

"సీనియారిటీ సమస్య" అన్నాను.

"రిటైరయ్యాక కూడానా!" అంది.

ఆవిడ అనడంలో తప్పులేదు. నేను జిల్లా పరిషత్తులో సిబ్బంది వ్యవహారాల సెక్షన్లో సూపరింటెండెంటుగా చేశాను. ఎవడు ఎవడికన్నా పెద్దవాడో తేల్చడమే నా ఉద్యోగం. పీతలతో కూడా అదే గొడవ పడాల్సివస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఆ రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకుని ఒక ఉపాయం పన్నాను. వరిష్ఠ తొట్టి ఖాళీ అయితేనే కదా కనిష్ఠ తొట్టి వంతు వస్తుంది? అయితే వరిష్ఠాలన్నిటినీ కొనిపారేస్తే సరి. తీరా వెళితే, అత్యాశ నివారణ కోసం మనిషికి ఒక కిలోయే ఇస్తారన్నారు. పార్కులో నాతోపాటు నడిచే పెన్షనర్లందర్నీ పోగేశాను. తలా ఓ కిలో కొన్నారు. ముక్కులకి కండువాలు కట్టుకుని, లాకుల అవతలికి మోసుకెళ్లి, కాలవ గట్టున వదిలేశారు. ఊళ్లో పిల్లులు మొదటిరోజు పండగ చేసుకున్నాయి. రెండోరోజు నుంచి అవి కూడా కాలవ గట్టుకి దూరంగా నడవడం మొదలుపెట్టాయి.

వరిష్ఠ తొట్టి ఆఖరి పీత అమ్ముడుపోయేసరికి కేంద్రం మూసే వేళైంది. నూకరత్నం టోపీ తీసి దులిపి, "రేపు రండి బాబుగారూ" అంది. మర్నాడు పొద్దున్నే పరిగెత్తాను. నిన్నటి కనిష్ఠాలన్నీ వరిష్ఠ తొట్లోకి మారి, వెల్లకిలా పడి ఉన్నాయి. తొట్టికి బంతిపూల దండ కట్టి ఉంది.

"నిన్నటి కనిష్ఠులు నేడు పదోన్నతి పొందినారు" అన్నారు త్రిపురాంతకంగారు గర్వంగా. "తమవంటివారి ఆదరణచేత అమ్మకములు ఇబ్బడిముబ్బడి అయినవి. ఇదే పద్ధతిని పూలు, పాలు, ఆకుకూరల విషయమున సైతము అమలుపరచవలెనని కమిషనరుగారు యోచించుచున్నారు."

అంటే బతికున్నంతకాలం పీత మా చేతికి రాదు, చచ్చాక తీసుకోకపోతే ఊరుకోరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద చూపించను ఆ మంట? ఖాళీ సంచీతో ఇంటికొచ్చాను. మూడురోజుల నుంచి నానబెట్టిన చింతపండంతా చారుకే పోతోంది.

మాణిక్యం నన్ను చూసి నవ్వింది. జబ్బుతో మొహం చిక్కిపోయి కళ్లే మిగిలాయి. "పోనీ వదిలెయ్యండి. బీరకాయ అలవాటైపోయిందిలెండి" అంది.

పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడ ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడిగిన ఒక్కటీ తేలేక, ఆవిడచేత పర్లేదనిపించుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది. పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కుంటున్నట్టు చాలాసేపు నీళ్లు పోసుకున్నాను. అక్కడే నా పాత సర్వీసు రూల్సు ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, త్రిపురాంతకంగారి ఎదుట కుర్చీలో కూర్చున్నాను.

"అయ్యా, విధి నిర్వహణలో ఉండగా ఉద్యోగి కాలం చేస్తే, వాళ్ల కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇస్తాం కదండీ. దానికి సీనియారిటీతో పని లేదు కదా?"

"నిస్సందేహముగా."

"వరిష్ఠ తొట్లో ఆ ముందున్న పీత కాలం చేసిందండి. కనిష్ఠ తొట్లో మూలనున్న గుడ్డుపీత దాని కూతురు. ఆ పిల్లకి దారి చూపించమని నా మనవి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా మాట ఆయన మనసుని కదిలించిందని తెలుస్తూనే ఉంది. "మంచి అంశమును లేవనెత్తినారు" అని గొంతు సవరించుకున్నారు. "కాని, వరిష్ఠ పీత మరణించినట్లు రుజువేమి? చలనము లేనంతమాత్రమున మరణముగా భావించరాదు. అటులైనచో ఏ కార్యాలయమూ తెరువలేము. ఒకవేళ మరణించినను, కనిష్ఠ పీత దాని కుమార్తె అని తహసీలుదారువారు ధ్రువీకరించవలెను. ఆ ధ్రువీకరణకై పీత స్వయముగా హాజరు కావలెను."

"హాజరు కావాలంటే బయటికి రావాలి కదండీ. పంపండి, నేనే వెంటబెట్టుకుని తీసుకెళతాను."

"బయటికి వచ్చుటకు దాని వంతు రావలెను కదా" అన్నారాయన చాలా సానుభూతిగా.

కౌంటరు వెనక నూకరత్నం నోట్లో కొంగు కుక్కుకుంది. నేను లేచి, అద్దం దగ్గరికెళ్లి నిలబడ్డాను. లోపల గుడ్డుపీత కొత్తది, ఆ పొద్దున్నే వచ్చినట్టుంది, మొదటిరోజు చూసినదానికన్నా పెద్దది. డెక్కలు కట్టేసి ఉన్నా కళ్లు నిటారుగా నిలబెట్టి నన్నే తినేసేలా చూస్తోంది. ఆ డెక్కల తాడు చూశాను. ఒక్కసారిగా నా లోపలి సూపరింటెండెంటు లేచి కూర్చున్నాడు.

"త్రిపురాంతకంగారూ! ఇది చాలా తీవ్రమైన విషయమండి."

ఆయన కంగారుగా వచ్చారు.

"ఈ జూనియర్లు ఏం నేరం చేశారని చేతులు కట్టేశారు? చార్జిషీటు ఇచ్చారా? విచారణ జరిపారా? పై నుంచి తనిఖీకి ఎవరైనా వచ్చి చూస్తే తమరేం సమాధానం చెబుతారు?"

తనిఖీ అన్నమాట ఆయనకి సూటిగా తగిలింది. ముఖం పాలిపోయింది. "ఇది నా దృష్టికి రాలేదు! నూకరత్నం! ఎవరి ఉత్తర్వులపై కట్టినావు?"

"ఎవరి ఉత్తరువేటండి? మా అమ్మ కట్టేదండి, నేనూ కడతన్నానండి. కట్టకపోతే..."

"తర్కింపకుము. తక్షణమే బంధవిముక్తి గావింపుము!"

నూకరత్నం నాకేసి చూసింది. నేను పైకప్పుకేసి చూశాను. గట్టుమీద ఇన్నేళ్లు ఒకరినొకరు బేరాల్లో తిట్టుకున్న వాళ్లం, ఆమాత్రం చూపు అర్థం చేసుకోకుండా ఉంటుందా? "సిత్తమండి. ఉజ్జోగం కదండి మరి, సెప్పినట్టు సెయ్యాల" అంటూ చాకుతో తాళ్లు పటపటా కోసేసింది. గుడ్డుపీత తాడుని ఆఖరున కోసి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇంక హాజరు తీసుకోవచ్చండి" అన్నాను వినయంగా.

త్రిపురాంతకంగారు చూపుడువేలు చాచి, మూలనుంచి మొదలుపెట్టారు. "ఒకటి..." అన్నారు.

రెండు అనలేదు. తర్వాత ఆయన నోటివెంట వచ్చినది గ్రంథాలలో వాడే భాష కాదు.

"ఓరినాయనో! వదల్రా! సచ్చాన్రోయ్! అమ్మా!"

నూకరత్నం టోపీ ఎగిరిపడింది. పీత వేలు పట్టుకుని గాల్లో వేలాడుతోంది, ఆయన ఏసీ గదంతా గెంతుతున్నారు. చేతిని నీళ్లబకెట్లో పెట్టమని నూకరత్నం కేకేసింది. ఆయన మోచేతిదాకా ముంచారు. పీత కాస్సేపు ఆలోచించి, పట్టు వదిలింది. ఆయన వేలు ముద్ద మందారంలా ఎర్రబడింది. నిజానికి ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలేసింది. కానీ మాణిక్యం మీద జాలి అంతకన్నా పాతది, దానికే సీనియారిటీ ఇచ్చాను.

"పై అధికారి మీద చెయ్యి చేసుకుందండి! ఇంతకన్నా ధిక్కారం ఇంకేముంటుంది?" అన్నాను.

"డిస్మిస్!" అని గర్జించారాయన. "విచారణ అక్కరలేదు. కొలువునుండి తొలగించుచున్నాను. వెంటనే ఈ ఆవరణనుండి వెళ్లగొట్టుడు!"

"మరి దాని సీనియారిటీ సంగతండి?"

"కొలువే లేనిదానికి సీనియారిటీ ఏమయ్యా? సర్వము రద్దు! కంటికి కనబడరాదు!"

"నేను వెళ్లగొడతానండి, తమరు శ్రమపడకండి" అని సంచీ తెరిచి పట్టుకున్నాను. నూకరత్నం వెనకనుంచి రెండు వేళ్లతో ఒడుపుగా పట్టి, అందులో పడేసింది. సంచీ నా చేతిలో తన్నుకులాడుతుంటే, ఆ బరువుకి నా భుజం దిగిపోతుంటే, ఇంటిదాకా ఈల వేసుకుంటూ నడిచాను. చాలా ఏళ్లయింది నేను ఈల వేసి.

మాణిక్యం నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. మంచం మీంచి లేవకూడదని డాక్టరు చెప్పలేదుగా అని, తనే కడిగి, తనే కొట్టి, అల్లం వెల్లుల్లి నూరి, చింతపండు పులుసు పోసి మరిగించింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు. ఆవిడ కంచంలో అన్నం పెట్టుకుని, ఎర్రటి గుడ్డుని చిదిమి కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నములుతూ కళ్లు మూసుకుంది. రెప్పల కిందనుంచి నీళ్లు కారాయి.

"కారం ఎక్కువైందా?" అన్నాను భయంగా.

"ఉప్పు తక్కువైంది" అంది కళ్లు తుడుచుకోకుండానే. "మీరేంటి అలా చూస్తారు? డెక్క మీకే ఉంచానులెండి."

రహస్యం అన్నాక మా ఊళ్లో ఆగేది కాదు. నూకరత్నం నోరు మళ్లీ పనిలో పడింది. వారం తిరక్కుండా విక్రయ కేంద్రం ముందు జనం బారులు తీరారు. ఎవరూ ఇప్పుడు ఫలానా పీత కావాలని అడగడం లేదు. అద్దంలోంచి తమకి కావలసినదాన్ని చూపించి, "అయ్యా, అదిగో ఆ పీత వాలకం చూడండి, తమరంటే బొత్తిగా లెక్కలేనట్టుంది" అంటున్నారు. త్రిపురాంతకంగారు న్యాయమూర్తి. ఎవరో చెప్పారని ఎవరినీ శిక్షించరు. స్వయంగా వేలుపెట్టి విచారిస్తారు. తొడుగులు వేసుకోమని నూకరత్నం ఎంత చెప్పినా, సాక్ష్యమును వట్టిచేతితో స్వీకరించవలెను అంటారు. క్రమశిక్షణా చర్యలు ఇంత చురుగ్గా జరిగిన కార్యాలయం జిల్లాలో మరొకటి లేదని, ఆయనకి రెండో శాలువా కప్పారు. కప్పించుకునేటప్పుడు నమస్కారం పెట్టడానికి ఆయనకి కట్లు అడ్డొచ్చాయి. వరిష్ఠ తొట్టి మాత్రం అలాగే ఉంది, దండతో సహా. ఒక్కటీ ఎదురాడదు కాబట్టి ఒక్కదాన్నీ తీసెయ్యలేదు.

మొన్న మాణిక్యం తనే వస్తానంది. బుగ్గల మీద కాస్త కండ వచ్చింది, మనిషి తేరుకుంది. మంచి చీర కట్టుకుని, నా భుజం పట్టుకుని లాకులదాకా నడిచింది. వంతు రాగానే అద్దానికి ముక్కు ఆనించి, తొట్టంతా ఈ మూల నుంచి ఆ మూలకి చూసింది.

"అదిగోనండి, ఆ రెండోది" అంది త్రిపురాంతకంగారితో చాలా మర్యాదగా. "మీరు ఇటు తిరిగినప్పుడు వెనకనుంచి డెక్క చూపించిందండి. నా కళ్లారా చూశాను."

ఆయన నిట్టూర్చి, కట్టులేని వేలు ఒకటి వెతుక్కుని, తొట్లోకి చాచారు.

"అబ్బా" అన్నారు.

నేను సంచీ తెరిచాను. మాణిక్యం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దండీ" అంది పెదవి విరిచి. "అరుపులో పస లేదు, అది నిన్నటిది. ఆయన్ని ఇంకోటి చూడమనండి."